నాన్నను ఒప్పుకోని కత్తి

నేను జకార్తాలో ఆటలాడి జీతం తెచ్చుకుంటున్నానని సోలో ఊళ్ళో మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఆడను, ఫోన్ ఆటలు తయారుచేస్తానంటే నాన్న వినడు. "ఏదైతేనేం లారస్, జీతమిచ్చి మరీ ఆడిస్తున్నారుగా!" అంటాడు.

ఈసారి సెలవుకు వెళ్ళేసరికి ఆయనే ఫోన్‌లో మా ఆట ఆడుతున్నాడు. నెలల తరబడి ఆడి, అందులో అన్నిటికన్నా గొప్పదని మేం ఊరించే రాజుగారి క్రిస్, అంటే మా జావావాళ్ళు తరతరాలుగా దాచుకునే వంకీల కత్తి, గెలుచుకున్నాడు. దాంతో ఎన్ని పోట్లు పొడిచినా అడవిపంది చావలేదు. పందే ఆయన్ని చంపింది.

"కత్తిలో పస లేదు నాన్నా," అన్నాను నవ్వుతూ.

"తప్పు! క్రిస్‌ను అలా అనకూడదు. మనిషి నచ్చకపోతే అది పనిచెయ్యదు. అందుకే గురువారాలు ఉపవాసం ఉంటున్నా."

"ఆటలో కత్తికా?"

"నీ కాలేజీ కోసం మీ తాతగారి క్రిస్‌ను అమ్మినవాణ్ణి. ఇంక ఏ క్రిస్ నన్ను ఒప్పుకుంటుందమ్మా?"

ఆటలో ఆ కత్తి బలం నిర్ణయించింది నేనే. డబ్బిచ్చి కొనే కత్తులు అమ్ముడుపోవాలి, దీని బలం తగ్గించమని మేనేజరు అంటే మారుమాట లేకుండా తగ్గించాను.

సోమవారం దాని బలం పెంచేస్తాను. మేనేజరును అడగను. నాన్నకు చెప్పను.