అట్టడుగు రేకు

"ఆ తూనీగను పెట్టెలో పెట్టెయ్. దిగి చూడటానికి మావాళ్లున్నారు," అన్నాడు ఫోర్‌మన్.

ఆ 'మావాళ్లు' ఇద్దరూ వెనక నిలబడి నవ్వు ఆపుకుంటున్నారు. గనిలోంచి వచ్చిన ఖనిజాన్ని నింపే ఆ ఇనుప బంకరును ఖాళీ చేసినప్పుడల్లా, తాడు పట్టుకుని లోపలికి దిగేది ఆయనే. ఇంకొకరు చూసొస్తే ఆయనకు తృప్తి ఉండదు.

డ్రోన్ పట్టుకొచ్చింది మాత్రం ఆయన సొంత కూతురు. తన మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఇక బంకర్లో కాలు పెట్టనని, కుర్చీలో కూర్చుని కాగితాలు చూసుకుంటానని ఫోర్‌మన్ భార్యకు మాటిచ్చి రెండేళ్లయింది. దిగినవాళ్లు అట్టడుగు రేకు మీద సుద్దతో తేదీ, పొడి అక్షరాలు రాసి రావడం అక్కడి పద్ధతి. కెమెరా అక్కడిదాకా వెళ్లిందంటే గుట్టు రట్టే.

లోపలంతా ఎర్ర దుమ్ము, ఒకసారి పట్టుకుంటే వదలదన్నాడు. తుడుచుకుంటానంది. గోడకు తగిలి ముక్కలవుతుందన్నాడు. చుట్టూ పంజరం ఉందంది. బంకర్లోకి మనుషులను దింపొద్దంటూ మేనేజరుకు సంతకం లేని ఉత్తరం రాసినవాడెవడో దొరికితే నాలుగు మాటలు అడగాలని ఉందన్నాడు. ఆ మాటకు మాత్రం ఆమె వంగి డ్రోన్ స్విచ్ నొక్కింది.

"కాస్త తప్పుకోండి ఫోర్‌మన్ గారూ," అంది.

డ్రోన్ రొద చేస్తూ చీకట్లోకి దిగింది. ఆమె చేతిలోని తెర మీద కనిపించింది: సగం లోతులో, పైనుంచి చూస్తే కనపడని మూల, గోడను అంటుకుని బండెడు ఖనిజం వేలాడుతోంది. సరిగ్గా తాడు దిగే చోట. వెనక నవ్వులు ఆగిపోయాయి. ఫోర్‌మన్ తన హెల్మెట్‌ను ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"ఇక చాలు, పైకి తెచ్చెయ్," అన్నాడు.

ఆమె ఇంకా కిందికి దింపింది. అట్టడుగు రేకు మీద సుద్ద తేదీలు వరసగా కనిపించాయి. చివరిది పోయిన మంగళవారానిది. పొడి అక్షరాల కింద వంకర గీత ఒకటి. ఆమె ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా నాన్న సంతకం కింద ఉన్న గీతే అది.

ఫోర్‌మన్ కూతురిని పక్కకు పిలిచి, ఇకమీదట ఈ తూనీగనే దింపుదామని తనంతట తానే ఒప్పుకున్నాడు.

"మీ అమ్మకు మాత్రం చెప్పకమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ ఉత్తరం రాసిందే అమ్మ, నాన్నా. నీ బనియన్లు ఉతికేది ఆవిడేగా."