టికెట్ల గది కిటికీ

ఇవాళ కొండ ముందు ఇంజను ఆపి, ఎప్పటిలా "బుజ్జమ్మా!" అనకుండా "హలో!" అని అరిచాను.

కొండ మూడుసార్లు హలో అంది. పడవలోవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లకి ఏదైనా ఒకటే. మామూలు దిబ్బని చూపించి తాబేలంటే తాబేలే కనిపిస్తుంది. అరగంట షికారు, రోజుకి ఆరు ట్రిప్పులు. పదకొండేళ్లుగా నా నోరు దానంతటది వాగుతూ ఉంటుంది. నేను వినను కూడా.

ఆ పిలుపు మార్చింది మా ఆవిడ కోసం. ఒడ్డున గదిలో కూర్చుని టికెట్లిచ్చేది ఆవిడే. ఏడాదిగా చూస్తున్నాను, కొండ దగ్గర నేను ఇంజను ఆపగానే అంత దూరాన ఆ గది కిటికీ అద్దం ఒక్కసారి తళుక్కుమంటుంది. వినలేక మూసుకుంటోంది కాబోలనుకున్నాను. ఆ మాత్రం తట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ఒడ్డుకొచ్చి తాడు కట్టాను.

"పిల్లని పిలవలేదేం?" అంది.

"నువ్వు కిటికీ మూసేస్తున్నావని..."

"మూయడమేంటి? తెరుస్తున్నాను." టికెట్ల కట్ట సర్దుతూ, తల ఎత్తకుండానే అంది. "అది పోయాక ఇంట్లో నువ్వా పేరు ఎత్తవు. నేనూ ఎత్తను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ వినను?"

తరవాతి ట్రిప్పువాళ్లు ఎక్కేశారు. తాడు విప్పాను.

కొండ ఇంకా చాలా దూరం ఉండగానే వెనక్కి తిరిగి చూశాను. కిటికీ అప్పటికే బార్లా తెరిచి ఉంది.