కన్నడంలో బతికింది

"రిమోటు ఇయ్యక్కా, ఏడున్నర అయిపోయింది," అంది మీనా మంచం మీంచి చెయ్యి చాపి.

పక్కింటి చిక్కమ్మ ఇవ్వలేదు. రిమోటును కొంగులో చుట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. "ఆపరేషన్ అయి నెల గూడా కాలేదు. సోమవారం మందు ఎక్కించుకోను పోవల్ల. నీకు సీరియల్ ఏమిటికమ్మా? సుమ్మనే పండుకో."

"ఏమిటికా? ఈ పొద్దు పెద్దకోడలి కథ తేలిపోతాది గదా!" అంటూ ఎదురింటి అంజినమ్మ లోపలికి వచ్చింది. వెనకాలే చేటనిండా అనపకాయలతో పరిమళ. ఇద్దరూ చాప పరుచుకుని, కాయలు ఒలుస్తూ తీర్పులు మొదలుపెట్టారు.

"ఆ అత్తను చీపురు తిరగేసి కొట్టాల. కోడలికి రొమ్ములో గడ్డ అని తెలిసి గూడా ఆస్పత్రికి పంపకుండా పూజలు చేయిస్తా ఉండాది," అంది అంజినమ్మ.

"అత్తను అనేదేమిటికి? ఆ మొగుడు ఉండాడే, చొక్కా ఇస్త్రీ నలగకుండా ఏడుస్తాడు. వాణ్ణి చూస్తేనే నాకు ఒళ్ళు మంట," అంది పరిమళ.

"కోడలిది మాత్రం తప్పు లేదా? మూడు నెలలు నోరు మూసుకుని ఉండె!" అంది అంజినమ్మ.

మీనా నవ్వింది. చిక్కమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

తమిళ, కన్నడ సీమల హద్దున ఉన్న హోసూరులో ఆ లైను ఇళ్ళ వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఒకే సీరియల్ ఒక ఇంట్లో తమిళంలో నడిస్తే, పక్కింట్లో కన్నడంలో నడుస్తుంది. మొహాలు వేరు, చీరలు వేరు, ఏడుపులు మాత్రం అవే. కన్నడంలోది ఐదు నెలలు ముందుంటుంది. లైనంతా తమిళంలోది చూస్తే చిక్కమ్మ ఒక్కతే కన్నడంలోది చూస్తుంది. అందుకే ఎవరి పెళ్ళి పీటల మీద ఆగుతుందో, ఎవరి కడుపు నిలుస్తుందో అడిగిన వాళ్ళకు ఆమె కొళాయి దగ్గరే చెప్పేస్తుంది. పంచాంగమైనా తప్పుతుందేమో గాని ఆమె మాట తప్పదని అందరికీ నమ్మకం.

తప్పింది ఒక్కసారే. రెండు నెలల కిందట, బిందె నిండి పొర్లిపోతున్నా పట్టించుకోకుండా మీనా ఆమెను అడిగింది. "ఆ పెద్దకోడలికి కడకు ఏమవుతాదక్కా?" అడుగుతూనే తన చెయ్యి ఎద మీదికి పోనిచ్చింది. చిక్కమ్మ ఆ చెయ్యి చూసింది. కన్నడంలో పెద్దకోడలు చచ్చిపోయి అప్పటికే మూడు నెలలు. "ఏమీ కాదమ్మా. ఆస్పత్రికి పోతాది, ఆపరేషన్ చేస్తారు, గుండ్రాయి మాదిరి తిరుక్కోని వస్తాది," అనేసింది.

మర్నాడే మీనా ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఆస్పత్రికి పోయింది. మంచి సమయానికి వచ్చావమ్మా అన్నారు డాక్టర్లు. గడ్డ తీసేశారు. ఇంకా ఆరుసార్లు మందు ఎక్కించాలి. ఇప్పుడు ఆ చావు చూసి మనసు విరిగితే ఈ పిల్ల సోమవారం బస్సు ఎక్కుతుందా? అదీ చిక్కమ్మ భయం.

"నీ మాటకే గదక్కా నేను ఆస్పత్రికి పోయింది," అంది మీనా. "ఈ ప్రాణం నువ్వు పెట్టిందే."

ఆ మాటకు చిక్కమ్మ తల దించుకుంది. అదే అదనుగా అంజినమ్మ రిమోటు లాక్కుంది. ఎంత నొక్కినా పనిచెయ్యలేదు. చెయ్యదు మరి, బ్యాటరీలు చిక్కమ్మ రవికలో ఉన్నాయి. పరిమళ లేచి టీవీ పక్కనున్న బటనే నొక్కేసింది.

ఆస్పత్రి మంచం. చుట్టూ ఏడుపు మొహాలు. డాక్టరు కళ్ళజోడు తీశాడు. సీరియల్లో డాక్టరు కళ్ళజోడు తీశాడంటే ఇక దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు. పెద్దకోడలి చెయ్యి మంచం మీంచి జారిపోయింది.

"అయ్యయ్యో, చంపేసినారే!" అంజినమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "చిక్కమ్మా, గుండ్రాయి మాదిరి వస్తాదంటివే?"

"కన్నడంలో బతికిందమ్మా!" అని అరిచినంత పని చేసింది చిక్కమ్మ. "నా కండ్లతో చూసినాను. ఈడ కథ మార్చేసినారు, పాపిష్టోళ్ళు!"

"అట్లా మారుస్తారా?" అంది పరిమళ.

"మార్చరా? ఆ వేషం కట్టే పిల్లకు సినిమాలో ఛాన్సు వచ్చుంటాది, ఈళ్ళు చంపేసినారు. కన్నడంలో ఆయమ్మ బంగారంగా ఉండాది. నిన్న గూడా చూసినాను, మనవణ్ణి ఎత్తుకోనుండాది!"

"కొడుక్కి పెళ్ళే కాలేదే, మనవడు యాడ నుంచి వచ్చినాడు?" అంది అంజినమ్మ. చిక్కమ్మ కోపంగా చూసేసరికి ఆమె నోరు మూసుకుంది. కాసేపు అత్తను తిట్టి, మొగుణ్ణి తిట్టి, ఒలిచిన గింజలు ఎత్తుకుని ఇద్దరూ వంటలకు పోయారు.

చిక్కమ్మ లేచి టీవీ ఆపేసింది. మీనా వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు. గోడ వైపే చూస్తూ, "సోమవారం పోతావు గదమ్మా?" అంది.

"పోతానక్కా. నువ్వు గూడా నా జతకు రావల్ల."

"వస్తాను. ఆరు తూర్లూ వస్తాను. అది సుమ్మనే కల్పించిన కథమ్మా, మనసులో పెట్టుకోవద్దు. దేవుని మీద ఆన, కన్నడంలో ఆయమ్మ..."

"ఆన పెట్టద్దక్కా," అంటూ మీనా ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. "నువ్వు చెప్పిన దినమే నేను ఫోన్లో కన్నడంలోది చూసినాను. ఆయమ్మ చచ్చిపోయింది."

చిక్కమ్మ చప్పున మీనా మొహంలోకి చూసింది.

"నేను బతకల్లని ఇంత అబద్ధం చెప్పే మనిషి పక్కింట్లో ఉంటే ఎట్లా చస్తానని, మర్నాడే ఆస్పత్రికి పోయినానక్కా."