రిహార్సల్ టీ

“అలాక్కాదండీ మాస్టారూ, ఇంకొంచెం దగ్గరికి జరగండి. మనిద్దరం రోజూ ఇలాగే తాగుతాం అన్నట్టుండాలి” అన్నాడు దొరబాబు, బల్ల మీద తనే చోటిస్తూ. నిన్నటిదాకా “ఏమోయ్ పాపారావూ” అన్న మనిషి.

మలికిపురం రోడ్డులో ఆ టీ కొట్టు నాగదుర్గది, స్థలం దొరబాబుది. అందుకని అక్కడ ఆయన మాటే చట్టం. ఊళ్ళోవాళ్ళకి గాజు గ్లాసు, పేటవాళ్ళకి పేపరు కప్పు. అదీ బయట నిలబడి తాగాలి. ఇదేమిటంటే పరిశుభ్రత అనేవాడు. ఆ పరిశుభ్రత తమరికెందుకు అక్కర్లేదో చెప్పమని, పేటలోనే ఉండే రిటైరైన పాపారావు మాస్టారు ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు.

ఆ పొద్దున దొరబాబు ఫోన్ మోగింది. కలెక్టరాఫీసు నుంచి ఎవరో మేడమ్‌గారట. వచ్చే వారం తనిఖీ. వివక్ష కనబడితే కేసు కొట్టు మీద కాదు, స్థలం యజమాని మీద! దొరబాబు వెంటనే మాస్టారికి కబురంపాడు.

“పేటవాళ్ళందర్నీ రమ్మనండి మాస్టారూ. అందరికీ గాజు గ్లాసే. అలవాటైపోయినట్టు కనబడాలి!”

మొదటి గుక్కకే మాస్టారి కళ్ళు చెమర్చాయి. “చూసేవా దుర్గమ్మా, నా అర్జీ పవరు! మా అమ్మాయి క్రిస్టీనాకి చెప్పాలి. బళ్ళో మీరిద్దరూ ఒకే బెంచీ కదూ?”

“ఆయ్, ఒకే బెంచీనండి” అంది నాగదుర్గ, టీ వడపోస్తూ.

తనిఖీ మాత్రం ప్రతి సోమవారం వాయిదా పడుతోంది. మేడమ్‌గారు ఫోన్ చేసి మరీ చెబుతున్నారు. దాంతో రిహార్సల్ ఆపడానికి వీల్లేకపోయింది. పేటవాళ్ళు దర్జాగా కూర్చుని తాగుతున్నారు. కొబ్బరికాయ ధర మీద మాస్టారూ దొరబాబూ గొంతులు పెంచి వాదించుకునేదాకా వచ్చింది. జ్వరమొచ్చి మాస్టారు రాని రోజున, “ఈ పూట టీ బాలేదు” అని దొరబాబు సగం గ్లాసు వదిలేసి వెళ్ళాడు.

ఇవాళా వాదన తెగలేదు.

“రేపు పెందలాడే రండి మాస్టారూ. ఆవిడెప్పుడు ఊడిపడుతుందో ఏమో!”

“ఆయ్, వస్తానండి.”

ఇద్దరూ వెళ్ళాక నాగదుర్గ గ్లాసులన్నీ కడిగి ఒకే వరసలో బోర్లించి, ఫోన్ తీసింది.

“క్రిస్టీనా, ఈ సోమవారం కూడా వాయిదా వేసెయ్యవే!”