ఖాళీ జాగా

"ఇది ల్యాప్‌టాప్ కాదమ్మా, నత్త. నీ కోడలి చేతిలో పడితే గుర్రమైనా నత్తైపోతుంది" అన్నాడు లెక్చరర్, మూత తెరుస్తూ.

ఎదురుగా కూర్చుని చొక్కాకు బొత్తాం కుడుతున్న తల్లి తలెత్తింది. "అమ్మాయి దాన్ని ముట్టుకోవద్దంది కదరా."

"తెలిసినవాడు ముట్టుకోకూడదు, తెలియనివాళ్ళు కెలకొచ్చు. బాగుంది న్యాయం!"

ఆయన గుండెకు స్టెంట్ వేసి నాలుగు వారాలైంది. నెల్లాళ్ళు మెట్లెక్కొద్దనీ, గట్టిగా అరవొద్దనీ, పదకొండేళ్ళుగా కూరుస్తున్న వృత్తిపదాల నిఘంటువు జోలికి అసలే వెళ్ళొద్దనీ డాక్టరు చెప్పాడు. మెట్లు మానేశాడు. నిఘంటువు పక్కన పెట్టాడు. నోరు మాత్రం డాక్టరు మాట వినలేదు.

సోమవారంతో ఆ గడువు తీరిపోతుంది. నిఘంటువంతా ఉన్నది అందులోనే కాబట్టి ఆలోపు ల్యాప్‌టాప్ దారికి రావాలి. భార్యేమో రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు కూడా దాన్ని ఆపడం లేదు.

తెర మీద చిన్న పెట్టెలో పచ్చగీత ఒకటి పాకుతోంది. కింద ఏదో సన్నటి అక్షరాలు.

"చూశావా? ఎనిమిది రోజులుగా ఇదే బాగోతం. ఏ సీరియల్ దించుకుంటోందో!"

ఆ అక్షరాలు చదవడానికి కళ్ళజోడు పెట్టుకోవాలి. సీరియళ్ళ కోసం కళ్ళజోడా? పెట్టె మూలనున్న గుర్తు నొక్కాడు. 'నిజంగా ఆపేయమంటారా?' అని అడిగింది. ఆపేయమన్నాడు.

"డిస్కును సర్దేముందు నడుస్తున్నవన్నీ మూసేయాలి. ఇది మొదటి సూత్రం" అన్నాడు తల్లితో, క్లాసులో చెప్పినట్టు. "రెండోది, ఛార్జర్ తగిలించాలి. మధ్యలో కరెంటు పోతే గోవిందా. మూడోది, ఉన్న ఫైళ్ళకు నకలు తీసుకోవాలి. నాలుగోది, లోపలున్నది తిరిగే పళ్ళెం డిస్కేనా అని చూసుకోవాలి. చిప్ రకానికి ఈ సర్దుడు పనికిరాదు. ఇవేవీ నీ కోడలికి తెలీవు. దానికి తెలిసిందల్లా సూది గుచ్చడం."

బయటి డిస్కు తగిలించి, ఉన్నదంతా గంపగుత్తగా అందులోకి ఎత్తాడు. ఏమేం ఉన్నాయో చూడలేదు. ఎత్తడం అయ్యాక సర్దుడు మొదలుపెట్టాడు.

"సర్దితే ఏమవుతుందిరా?" అంది తల్లి.

"చెల్లాచెదురుగా పడున్న ముక్కలన్నీ ఒక వరసలోకి వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. మనం చెరిపేశామనుకున్నవి నిజానికి వెంటనే పోవు. వాటి ఆనవాళ్ళు ఖాళీ జాగాల్లో పడుంటాయి. ఇప్పుడా జాగాల్లోకి కొత్త ముక్కలొచ్చి కూర్చుంటాయి. ఒకసారి కూర్చున్నాయా, ఇక ఆ పాత చెత్తను బ్రహ్మదేవుడు దిగొచ్చినా పైకి తీయలేడు."

"పోన్లే, ఇల్లు ఊడ్చినట్టన్నమాట" అంది తల్లి, దారం కొరుకుతూ.

పదకొండింటికి ఫోన్ మోగింది. మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోవడానికి భార్య రోజూ ఆ వేళకే చేస్తుంది.

"మాత్ర సంగతి తర్వాత. నీ నత్తను గుర్రం చేస్తున్నా. రెండు గంటలైంది డిస్కు సర్దడం మొదలుపెట్టి" అన్నాడు.

అటువైపు ఏదో గాజుసామాను కింద పడిన చప్పుడు.

"ఆపేయండి. ఏమండీ, దయచేసి ఇప్పుడే ఆపేయండి."

"మధ్యలో ఆపితే ఉన్నది కూడా పాడవుతుంది. ఆ మాత్రం ఇంగితం లేదూ? ఏం, నీ సీరియళ్ళు పోతాయా?"

ఆమె గొంతు విచిత్రంగా నెమ్మదించింది. "ఏం లేదండీ. మీరు కంగారు పడకండి. నేను వస్తున్నా."

"కంగారు నాకా!" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. "చూశావా అమ్మా, సీరియళ్ళ కోసం ఉద్యోగం మధ్యలో వదిలేసి వస్తోంది."

ఇరవై నిమిషాల్లో స్కూటర్ ఆగింది. ల్యాబ్ కోటు కూడా విప్పకుండా ఆమె లోపలికొచ్చింది. తెర మీద అంకె చూసింది. డెబ్బై ఎనిమిది శాతం. చెయ్యి ల్యాప్‌టాప్ ఆపే మీట దాకా వెళ్ళి ఆగింది.

"నొక్కు, నొక్కు! నొక్కి నాశనం చెయ్" అన్నాడు ఆయన. గొంతు పెరిగింది. మెడ నరాలు తేలాయి.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "అరవకండి. మాత్ర వేసుకున్నారా?"

నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మాత్ర మింగేదాకా పక్కనే నిలబడింది. ఆ తర్వాత నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. అంకె వంద చేరేదాకా దాని మీంచి చూపు తిప్పలేదు.

లెక్చరర్ ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. చిటికెలో తెర వెలిగింది.

"చూడు! పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో చూడు. ఇంత చేసినవాడికి ఒక మంచి మాటైనా చెప్పాలని తోచదు కొందరికి. ముఖం చూడమ్మా, ఎవరో పోయినట్టు పెట్టుకుంది!"

"ఏడుస్తున్నావా పిల్లా?" అంది అత్తగారు, చేతిలోని చొక్కా పక్కన పెట్టి.

"లేదత్తయ్యా." ఆమె కోటు అంచుతో ముక్కు తుడుచుకుంది. "చాలా బాగా చేశారండీ. చాలా వేగంగా ఉంది."

ఆస్పత్రిలో చేరే ముందురోజు పాత ప్రతి అనుకుని ఆయన తన చేత్తోనే చెరిపేసిన ఆ పదకొండేళ్ళ నిఘంటువును, తెలిస్తే ఆయన గుండె తట్టుకోలేదని ఎవరికీ చెప్పకుండా, ఆమె ఎనిమిది రోజులుగా ఆ డిస్కు ఖాళీ జాగాల్లోంచి ముక్కముక్కగా వెతికి తీస్తోంది.