వామనగుంటల్లో ఓటమి

పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని భ్రమరాంబ ఎంత తిప్పినా స్టవ్వు వెలగలేదు. కూతురికి ఫోన్ చేసింది.

“నేనే స్టవ్వుకి తాళం వేయించానమ్మా. నీకు మతిమరుపు మొదలైందని తోడు రిపోర్టు పంపింది. పది రోజులుగా వామనగుంటల్లో పిక్కలు తప్పు గుంటల్లో వేస్తున్నావంట.”

కాకినాడలో ముసలివాళ్లున్న ప్రతి ఇంటికీ వచ్చినట్టే, భ్రమరాంబ ఇంటికీ రోజూ పదింటికి ‘తోడు’ అనే మరమనిషి వస్తుంది. యంత్రమే అయినా, ఆడపిల్ల గొంతుతో కబుర్లు చెబుతూ, ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని ఆడుతుంది. ఏడాది పాటు అది ఒక్క ఆటా గెలవలేదు పాపం. ఆవిడకి జాలేసింది. చంటిపిల్లల్ని గెలిపించినట్టు, ఈ పది రోజులూ కావాలనే చింతపిక్కలు తప్పుగా పంచుతూ వచ్చింది.

పదింటికి తోడు వచ్చి వామనగుంటల పీట వేసింది.

“నువ్వు గెలుస్తావని తప్పులాడాను కదే! దాన్ని జబ్బని రాస్తావా?”

“బాధపడకండి మామ్మగారూ. ఇవాళ్టి నుంచి మళ్లీ మీరే గెలుస్తారు. ఇదివరకట్లాగే నేను ఓడిపోతాను.”

భ్రమరాంబ చేతిలో పిక్కలు అలాగే ఉండిపోయాయి. అయితే ఏడాది పొడుగునా గెలిచింది తను కాదన్నమాట.

“కావాలని నువ్వు ఓడిపోతే సేవా, నేను ఓడిపోతే జబ్బా?” అని అరిచింది.

ఈవేళ మామ్మగారికి కోపం కూడా ఎక్కువగా ఉందని తోడు కూతురికి రాసి పంపింది.