రాణిగారి బావి

ఘాసీలాల్ సేఠ్ పచ్చి దొంగ. కోట చూడటానికొచ్చే ప్రతి ఒక్కరికీ గైడు ఛీతర్ ఆ మాట చెప్పేవాడు. పోయిన నెల నుంచి మానేశాడు.

పోయిన నెల యాత్రికుడి వేషంలో ఒకడొచ్చాడు. కోటంతా తిరిగాడు, ఏనుగుల ద్వారం ముందు ఫొటో దిగాడు. కిందికొచ్చాక తీరిగ్గా, "బావి పక్క నేల మీ సొంతమేనటగా, కాగితాలున్నాయా?" అని అడిగాడు. "తాతలనాటిది సాబ్, కాగితాలెక్కడివి?" అన్నాడు ఛీతర్. ఆ మాట వాడి జేబులోని ఫోన్లోకెక్కి, ఆ నేల కోసం సేఠ్ వేసిన కేసులో కోర్టులో వినబడింది. ఇక సోమవారంలోగా రాతమూలంగా ఏదైనా చూపించాలి, లేకపోతే ఆ నేల ఘాసీలాల్ హోటల్లో కలిసిపోతుంది.

అందుకే ఇవాళ ఒక ముసలాయన వచ్చి, "కోట చూపిస్తావా బేటా?" అనగానే ఛీతర్ ముందు ఆయన చంకలోని గుడ్డ సంచీని చూశాడు. తర్వాత వేళ్లను చూశాడు. గోళ్ల చుట్టూ నల్లగా ఉంది. సిరా అనుకున్నాడు. కోర్టు గుమాస్తాల వేళ్లు అలాగే ఉంటాయి.

"రెండు వందలు," అన్నాడు.

"ఆ?" ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

"రెండు వందలు!"

బేరమాడలేదు. బేరమాడని యాత్రికుణ్ణి ఛీతర్ ఇరవై ఏళ్లలో చూడలేదు.

చిత్రశాలలో గోడల నిండా రాసలీల. పరదేశీలు నోరు తెరుచుకుని చూసే బొమ్మలవి. ముసలాయన ఒక్కసారి తలెత్తి చూసి, "బావి ఎప్పుడు చూపిస్తావు?" అన్నాడు. పైన గుడి దగ్గర అందరూ చెప్పులూ సంచులూ బయట పెట్టి లోపలికి వెళుతుంటే, ఆయన మాత్రం సంచీతోనే వెళ్లాడు. దాన్ని అమ్మవారి గడపకి ఆనించి దణ్ణం పెట్టుకున్నాడు.

"సంచీకి కూడా దర్శనమా బాబా?"

"ఆ?"

ఛీతర్ మళ్లీ అడగలేదు. ఇది చెవుడు కాదు, ప్రతి మాటా రెండోసారి గట్టిగా చెప్పించుకుని ఫోన్లోకెక్కించే ఎత్తు అనుకున్నాడు.

కిందికి దిగి బావి దగ్గరికి రాగానే ముసలాయన నడకే మారిపోయింది. బావి గట్టు నుంచి వేపచెట్టు దాకా అడుగులేస్తూ పెదవులు కదిపి లెక్కపెట్టాడు. అక్కణ్ణుంచి సున్నం కొట్టిన హద్దురాయి దాకా మళ్లీ లెక్కపెట్టాడు. తల ఆడించి తిరిగొచ్చాడు.

"ఇది ఎవరి బావి బేటా?"

"రాణిగారిది. నాలుగొందల ఏళ్లనాటిది. రోజూ పల్లకీలో వచ్చి స్నానం చేసేవారు." ఛీతర్ అందరికీ చెప్పేది అదే. తోటమాలి తవ్విన బావికి ఎవడు ఫొటో తీస్తాడు?

"ధన్నా మాలీ తవ్వాడని విన్నానే."

ధన్నా అంటే ఛీతర్ తాత. తాత పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నదల్లా ఘాసీలాల్ వేసిన కేసు కాగితాల్లోనే.

"ఎవరు చెప్పారు?"

"ఆ?"

"ఎవరు చెప్పారు బాబా!"

"మా నాన్న. ధన్నా మనుషులెవరైనా ఉన్నారా?"

"లేరు."

"ఆ? ఉన్నారా?"

"లేరు! గుజరాత్ వెళ్లిపోయారు!"

"ఒక్కడన్నా మిగల్లేదా? మనవడో, మునిమనవడో?"

ఛీతర్ ఆయన చొక్కా జేబు మీదికి వంగాడు. "ఎవ్వరూ లేరు! వంశమే లేదు! నీ జేబుకి కూడా వినబడిందా?"

అప్పుడే రోడ్డవతల టీకొట్టు నుంచి గెందీబాయి కేకేసింది. "ఒరే ఛీతర్యా! టీ చల్లారిపోతోందిరా!"

ఛీతర్ ఉలిక్కిపడ్డాడు. ముసలాయన అటు తిరగనైనా తిరగలేదు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాడు ఛీతర్.

"నీ పేరేంటి బేటా?"

"బద్రీ."

"మరి ఈ నేల ఇప్పుడెవరి చేతిలో ఉంది?"

"అదిగో ఆ హోటలాయన, ఘాసీలాల్ సేఠ్. నీకు నేను దారి చూపించాలా?"

ఎత్తిపొడుపు ముసలాయనకి తగిలినట్టు లేదు. బావి మెట్టు మీద కాసేపు కూర్చున్నాడు. తలపాగా చివరతో కళ్లు తుడుచుకున్నాడు. "ఆలస్యమైపోయింది," అని గొణిగి, రెండు వందలు ఛీతర్ చేతిలో పెట్టి, తల మీద చెయ్యి ఉంచి, నేరుగా హోటల్ గేటులోకి వెళ్లాడు.

ఛీతర్ టీకొట్టుకొచ్చి తొడ చరిచాడు. "చూశావా గెందీబాయి? ఎక్కణ్ణుంచి వచ్చాడో అక్కడికే పోయాడు. ఈసారి నా నోట్లోంచి ఒక్క ముక్క దొరకలేదు వాడికి."

"నిన్ను మించినవాడు లేడులే," అని ఆమె టీ కెటిల్ పట్టుకుని హోటల్‌కి బయల్దేరింది. రోజూ సేఠ్ గుమాస్తాలకి ఆమే టీ పోస్తుంది.

అరగంటకి తిరిగొచ్చింది. కెటిల్ నిండుగానే ఉంది.

"ఏమైంది? పోయించుకోలేదా?"

"అక్కడ మిఠాయి పంచుతున్నారు, నా టీ ఎవడిక్కావాలి? ఛీతర్యా, ఆ ముసలాయన సేఠ్ మనిషి కాదురా. సేఠ్ ఎవరో కూడా ఆయనకి తెలీదు."

"మరి?"

"రాగిపాత్రలు చేసే ఠఠేరా. సుత్తి మోతకి చెవులు పోయాయట. కరువొచ్చిన ఏడాది మీ తాత ఈ ముసలాయన నాన్న దగ్గర ఏదో కుదవ పెట్టి గింజలు తీసుకెళ్లాడట. ధన్నా వాళ్లకి తిరిగిచ్చెయ్యమని నాన్న పోతూ పోతూ చెప్పాడట. వాళ్లెవరూ లేరని ఎవడో బద్రీ చెప్పాడట. నేల ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే చెందాలని సేఠ్‌కి ఇచ్చి వెళ్లిపోయాడు."

ఛీతర్ గ్లాసు కింద పెట్టాడు. "ఏముంది ఆ సంచీలో?"

గెందీబాయి అతని మొహం చూడలేకపోయింది.

"రాజముద్ర వేసిన రాగిరేకురా, మీ తాత పేరిట రెండు బీఘాల పదకొండు బిస్వాల నేల."